చివరి చరణంలో పేరు

ఫ్యాను పెడితే చప్పుడు, ఆపితే ఉక్క. ఆ గదిలో మునిశంకర్ పాతికేండ్లుగా ఈ రెంటి నడుమనే బతుకుతా వచ్చినాడు. ఆ సోమవారం కూడా ఫ్యాను ఆపి, కిటికీకి పాత పరుపు అడ్డం నిలబెట్టి, నరసమ్మ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించినాడు.

బంగారు గనుల ఊరు ఛాంపియన్ రీఫ్‌లో గని కూలీల లైను ఇంటి ముందరి గది అది. గోడలకంతా కోడిగుడ్ల అట్టలు అంటించి నల్లరంగు కొట్టినాడు. వాకిలి మీద స్టూడియో అని బోర్డు ఉంది. బోర్డు రాసినవాడు కూడా కింద మూలన తన పేరు రాసుకుని పోయినాడు. మునిశంకర్ చేసిన పాటల్లో మాత్రం అతని పేరు యాడా లేదు. జాతర పాటైనా, ఎలక్షన్ పాటైనా రాసేది, బాణీ కట్టేది, వాయించేది, పాడించేది అతనే. బెంగళూరులో శ్రీనివాసమూర్తి కంపెనీ దాన్ని యూట్యూబులో పెడుతుంది. రచన, సంగీతం అన్నచోట కంపెనీ పేరే పడుతుంది.

"అమ్మా, చెవిలో టక్కు టక్కుమంటా ఉంది గదా, దాని మీద పాడల్ల."

"అది నన్ను తరుముతా ఉండాదప్పా," అనింది నరసమ్మ.

నరసమ్మకు అరవై దాటినాయి. శ్రీనివాసపురం మండీలో మామిడికాయలు ఏరే పని. నాలుగు దినాల కిందట మండీ ఓనరు ప్రకటన రికార్డు చేసేదానికి పోయిన మునిశంకర్, కాయల కుప్ప వెనకాల నుంచి ఆమె పాట విన్నాడు. ఓనరు గొంతు రికార్డింగు సగంలో ఆపి, కుప్ప చుట్టూ తిరిగి పోయి, ఆమె చేత రెండుసార్లు పాడించుకున్నాడు. గౌనిమిట్టలో గంగమ్మకు దీపాలు ఎత్తేటప్పుడు పాడే పాటంట. ఆమె తల్లి పిల్లమ్మ కట్టిందంట. బస్సు చార్జీ ఇచ్చి ఇంత దూరం పిలిపించినాడు గానీ, ఇక్కడ గోడకేసి నిలబెడితే తాళం తప్పింది. మూడు టేకులు పాడైనాయి.

ఆమె తెచ్చిన చేతిసంచి వైపు చూసినాడు. నిండా తోతాపురి కాయలు. సంచి ఎత్తి చాప మీద కుమ్మరించినాడు. హెడ్‌ఫోన్ తీసేసినాడు.

"పాడొద్దులే. కాయలు ఏరు."

నరసమ్మ నవ్వింది. కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూర్చునేదానికి మోకాలు మడిచేటప్పుడు పళ్ళు బిగబట్టింది. తర్వాత చేతులు కదిలినాయి. పెద్దది కుడికి, చిన్నది ఎడమకి, మచ్చది ఒళ్ళోకి. నాలుగు కాయలు పడేసరికి గొంతు దానంతటదే వచ్చింది.

దీపమొచ్చె దారియ్యండి దిన్నె మీది రాళ్ళారా
ఎండ కాసె నీడియ్యండి ఏటి గట్టు మాకులారా

మునిశంకర్ మైకును కిందికి, ఆమె గడ్డానికి చాపకు నడుమ దించినాడు. కాయ చాప మీద పడిన ప్రతిసారీ మెత్తగా ఒక దెబ్బ వినపడుతా ఉంది. డోలు ఎందుకు, తాళం ఎందుకు, అదే చాలు అనుకున్నాడు. చరణాలన్నీ అయిపోయి చివరి చరణం వచ్చింది.

గౌనిమిట్ట పిల్లమ్మ కట్టిన పాట
గంగమ్మ నీ కాళ్ళకాడ పెట్టిన మూట

"ఒక్క నిమిషం అమ్మా."

ఈ మాట ఎట్లా అడగాలని నాలుగు దినాలు సాధన చేసుకున్నాడు. రచన అన్నచోట రాసిన పేరును ఒక్క వేలితో చెరిపేయొచ్చు. గొంతులో పడిన పేరును ఎవడు చెరుపుతాడు? ముసలోళ్ళు ఊరికే పెట్టలేదు చివరి చరణంలో పేరు. ఇన్నేండ్లూ ఈ తెలివి తనకెందుకు రాలేదో అతనికి అర్థం కాలేదు.

"చివరిలో మీ అమ్మ పేరు ఉండాదే. ఆ చోట నా పేరు పెట్టి పాడితే ఎట్లుంటుంది? గనులూరి మునిశంకరు అని. సరిగ్గా కూర్చుంటుంది."

నరసమ్మ చేతిలో కాయ చేతిలోనే నిలిచిపోయింది.

"నీ పేరా?"

"ఏమీ లేదు. దీన్ని సరిచేసి, వాయించి, కంపెనీకి పంపేది నేను గదా. అందుకని."

ఆమె కాయను కింద పెట్టింది. కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంది. నడుముకు దోపిన తిత్తిలో నుంచి ఒక తమలపాకు తీసి, ఈనె పక్క కిందికి వచ్చేటట్లు కీబోర్డు మీద పెట్టింది.

"దీని మీద చెయ్యి పెట్టి చెప్పప్పా. పాట ఎవరిది?"

మునిశంకర్‌కు నవ్వొచ్చింది. చెయ్యి పెట్టినాడు. "నాదే."

"ఇంగోసారి."

"నాదే."

"మా కడ మూడుసార్లు చెప్పల్ల."

ఎగతాళి చేస్తా ఉందా, కడుపుమంట ఇట్లా తీర్చుకుంటా ఉందా అని ఆమె మొహంలోకి చూసినాడు. అక్కడేమీ దొరకలేదు. మండీలో కాయను తిప్పి చూసే చూపు, అంతే. అతని చెవులు వేడెక్కినాయి.

"నాదేనమ్మా."

"సరి. నమిలెయ్."

అతను ఆకు నోట్లో వేసుకున్నాడు. నరసమ్మ ఒక చెంబు నీళ్ళు ఎత్తి గటగటా తాగి, మళ్ళీ కాయలు ముందర వేసుకుని, మొదటి నుంచి అందుకుంది. అట్లాంటి టేకు అతని పాతికేండ్లలో లేదు. చివరి చరణంలో మునిశంకరు అన్న చోట గొంతు బరువు దించుకున్నట్టు పైకి లేచింది. ఎంత సులభంగా వదిలేసింది, ఎంత అమాయకురాలు అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకొకటి గుర్తుకొచ్చింది. మొదటిసారి శ్రీనివాసమూర్తి చూపించిన చోట తాను సంతకం పెట్టిన దినం, అవతల కుర్చీలో ఆయన కూడా ఇట్లే అనుకుని ఉంటాడు.

బస్టాండు కాడ దింపినప్పుడు నరసమ్మ ఒకే మాట అనింది. "పాట పూరా మా పుష్పావతి ఫోనుకి పంపప్పా. మా ఊరోళ్ళు వినల్ల."

చీకటి పడక ముందే పంపినాడు.

*

మంగళవారమంతా కూర్చుని పాటను చెక్కినాడు. ఊపిరి తీసుకునే చప్పుళ్ళలో సగం తీసి సగం ఉంచినాడు. రెండో చరణంలో బయట మేక అరిచింది. దాన్ని తీసేదానికి గంట పట్టింది. సాయంత్రం భార్య నాగరత్న వచ్చేసరికి పాట తయారు. ఆమె తెల్లారక ముందు రైలెక్కి బెంగళూరు పోయి, ఒక కంపెనీలో అంతస్తులు తుడిచి, చీకటి పడేసరికి వస్తుంది. చెప్పులు విడిచి, అట్లే గడప మీద కూర్చుని, కాళ్ళు ఒత్తుకుంటా పాటంతా వినింది.

"ఎవరు ఆ యమ్మ?"

"నరసమ్మ అని. మండీలో పని చేస్తుంది."

"పేరు నీది పడిందే?"

"వాయించింది నేను గదా."

నాగరత్న లేచి చెంబు తీసుకుంది. "మా కడ కూడా ఇట్లే. నేల నేను తుడుస్తాను. సూపర్‌వైజరు దాని ఫోటో తీసి పైకి పంపుతాడు." నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "పోనీలే, ఇన్నాళ్ళకు నువ్వూ సూపర్‌వైజరైనావు."

అతను కంప్యూటరు వైపు తిరిగినాడు. పాటను కంపెనీకి పంపినాడు.

బుధవారం మధ్యాహ్నం పాట వచ్చేసింది. మునిశంకర్ కూడలిలో టీ కొట్టు కాడ నిలబడి ఫోనులో చూసినాడు. గంగమ్మ బొమ్మ తిరుగుతా ఉంది, కింద రచన, సంగీతం అన్నచోట ఎప్పటి మాదిరే కంపెనీ పేరు. ఈసారి అతను దానికి బేజారు పడలేదు. చివరి చరణం కోసం కాచుకున్నాడు. మూడో చరణం అయింది. గొంతు మెల్లగా సన్నబడి, దూరమై, ఆగిపోయింది. రెండు నిమిషాల ఇరవై సెకన్లు. మళ్ళీ మొదటి నుంచి పెట్టినాడు. మళ్ళీ అదే చోట సన్నబడింది.

టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఫోను చేసినాడు.

"చెప్పు శంకర్," అన్నాడు శ్రీనివాసమూర్తి. "పాట చాలా బాగా వచ్చిందయ్యా. పెట్టినప్పటి నుంచి ఫోన్లే ఫోన్లు."

"చివరి చరణం పడలేదు సార్."

"నేనే తీయించాను. ఇప్పుడెవరికయ్యా మూడు నిమిషాలు వినే ఓపిక? అయినా పేరు పెట్టుకునేది పాతకాలం వాళ్ళు. నువ్వు ఇంకా ఆ కాలంలోనే ఉన్నావు." నవ్వినాడు. "చూడు, శుక్రవారం ఒంటిగంటకు ఆఫీసుకు రా. వచ్చే సంవత్సరానికి ఒప్పంద పత్రం తయారుగా ఉంది, సంతకం పెట్టిపో. రాకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, తర్వాత నన్ను అనొద్దు."

"సరి సార్," అన్నాడు మునిశంకర్.

ఫోను పెట్టేసినాక ఆ సరి అన్న మాట నోట్లో అట్లే ఉండిపోయింది. సరి అనడం అతనికి వచ్చినంత బాగా కీబోర్డు కూడా రాదు. ఇంటికి నడుస్తా నడుస్తా తీర్మానించుకున్నాడు. శుక్రవారం పోతాడు. పత్రం ముందర పెట్టినాక చెప్తాడు, చివరి చరణం పెడితేనే సంతకం అని. ఒక్కసారి. జీవితంలో ఒక్కసారి చెప్తాడు.

*

బేస్తవారం పొద్దున అయిదుగురు ఆడోళ్ళు వచ్చినారు. అందరి కంటే ముందు నిలబడిన మనిషి నలభై ఏండ్ల పుష్పావతి. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు గుడ్డ, బియ్యం, తమలపాకులు.

"మునిశంకరప్ప ఇల్లు ఇదేనా?"

"నేనే. రికార్డింగా?"

"రికార్డింగు గాదప్పా. రేపు మా ఊర్లో దీపాలు. నిన్ను పిలిచేదానికి వచ్చినాం."

గౌరవించేదానికి వచ్చినారనుకుని అతని ఒళ్ళు పులకరించింది. లోపలికి రమ్మన్నాడు. వాళ్ళు రాలేదు. వాకిట్లోనే నిలబడి పుష్పావతి చెప్పుకుంటా పోయింది, పనిమనిషికి పని చెప్పినట్లు. "ఈ పొద్దు నుంచి ఒంటిపూట తిండి. మాంసం, కాఫీ, బీడీ ఏదీ తగలగూడదు. రేపు తొమ్మిదికంతా ఊర్లో ఉండల్ల. చెప్పులు ఊరి బయటనే విడువు. పెద్దింటి కాడ నుంచి గంగమ్మ కాడికి రెండు మైళ్ళు, ఊరంతా చుట్టుకుని పోవల్ల. నువ్వు ముందర పాడతా నడిస్తే, మేము దీపాలెత్తుకుని వెనకాల వస్తాం."

"నేనా? పాడేది నరసమ్మ గదా."

"పోయిన ఏటి వరకు నరసమ్మ. పాటలో పేరు ఎవరిదైతే వాళ్ళే మోయల్ల. పిల్లమ్మవ్వ పేరు ఉండె, ఆయమ్మ పోయినాక కూతురు మోసె. ఇప్పుడు నీ పేరు పడింది. ఆకు మీద మూడుసార్లు చెప్పినావంట గదా."

మునిశంకర్ నోట్లో ఆ తమలపాకు కారం ఇప్పుడే నమిలినట్టు తిరిగింది. అతని తాత కూడా చిత్తూరు పక్క పల్లె నుంచే గనిలో దిగేదానికి వచ్చినాడు. గనిలోకి దిగిన మనుషులు ఇట్లాంటివన్నీ పైననే వదిలేసినట్టున్నారు. ఎవరూ అతనికి చెప్పలేదు.

"రేపు నాకు బెంగళూరులో పని ఉండాదమ్మా. పెద్ద పని."

"పోతే పో," అనింది పుష్పావతి, కోపం లేకుండా. "నువ్వు రాకపోతే దీపాలు లేచేది లే. నలభై ఇండ్లోళ్ళం సుమ్నే చేతులు ముడుచుకుని కూర్చుంటాం."

"ఈ ఒక్క ఏడే గదా?"

వెనకాల ఒక ముసలామె నవ్వింది. "నువ్వుండేవరకు నాయనా. ఆమీట నీ బిడ్డలు."

పళ్ళెం గడప మీద పెట్టి పోయినారు.

సాయంత్రం నాగరత్న వచ్చి, గడప మీద పసుపు గుడ్డ చూసి, కథంతా విని, అట్లే గోడకు జారగిలబడి నవ్వింది. కండ్లలో నీళ్ళు వచ్చేవరకు నవ్వింది. "పేరు పేరు అంటివే. ఇదో, ఇంటికే తెచ్చిచ్చినారు."

"రేపు పోయి చెప్పేస్తాను," అన్నాడు మునిశంకర్. "పాట నాది గాదు, పిల్లమ్మదే అని అందరి ముందర చెప్పేస్తాను. తొమ్మిదిన్నర బస్సుకు అట్లే బెంగళూరు పోతాను."

"చెప్తావా?" అనింది. ఇంగ నవ్వలేదు. "నిజంగానే చెప్పు. మంచిది." అతని కంచంలో రెండో ముద్ద పెట్టబోయి, ఆగి, తీసేసింది. "ఎందుకైనా మంచిది, ఒంటిపూటే ఉండు."

*

గౌనిమిట్టలో బస్సు దిగేసరికి తొమ్మిది దాటింది. ప్రతి అరుగు మీదా తంబిట్టు దీపాలు చేస్తా ఉన్నారు. బియ్యప్పిండి, బెల్లం కలిపి పిసికి, నడుమ గుంట చేసి, నెయ్యి పోసి, చుట్టూ కనకాంబరాలు గుచ్చుతా ఉన్నారు. అతన్ని చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. వచ్చినాడే అనింది ఎవరో.

నరసమ్మ ఇల్లు వీధి కొసన. వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. ఎడమ మోకాలికి ఆముదపాకు కట్టుకుంది.

"రా అప్పా. కూర్చో. కాఫీ ఇచ్చేదానికి లేదు నీకి."

అతను కూర్చోలేదు. బస్సులో మొత్తం నేర్చుకుని వచ్చిన మాటలు వరసగా చెప్పినాడు. "అమ్మా, నేను తప్పు చేసినాను. పాట మీ అమ్మది. నా పేరు తీసేసి ఆ పేరే పెట్టుకోండి. అందరి ముందర చెప్పేదానికి వచ్చినాను." చెప్తా ఉంటే ఎదలో హాయిగా ఉంది. ఇంత మంచి మాట తన నోట్లో నుంచి ఎప్పుడు వచ్చిందో గుర్తుకు రాలేదు.

నరసమ్మ ఆకు కట్టు సర్దుకుంది. "కంపెనీ వాళ్ళు నీ పేరు కోసేసినారంట గదా. పుష్పావతి చూపించె."

అతను మెడ తుడుచుకున్నాడు.

"ఆడ పనికి రాలేదని ఈడ తిరిగి ఇచ్చేదానికి వచ్చినావు."

వీధిలో నుంచి గిన్నెల చప్పుడు వినపడింది. మునిశంకర్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఊరి బయట విడవలేదు వాటిని.

"నువ్వు దొంగిలిస్తావని నాకి తెల్దనుకుంటివా?" ఆమె గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఆ లేకపోవడమే అతనికి కష్టంగా ఉంది. "మండీలో రెండోసారి పాడమంటివే, అప్పుడే తెలుసు. ఇరవై ఆరేండ్లు మోసినానప్పా. నా కూతురు శశికళకు కాన్పు ఇదే దినం వచ్చె. ఆస్పత్రికి నేను పోలే, ఈడ పాడతా ఉంటి. మొదటి ఏడు అరికాళ్ళు బొబ్బలెక్కి పది దినాలు మండీకి పోలే. ఈ ఊర్లో ప్రతి ఆడదాన్నీ అడిగినా, నీ పేరు పెట్టుకోవే అని. పాట కావల్లంట, పేరు వద్దంట. సరి, దొంగిలించుకునైనా పోండే అని మండీలో గట్టిగా పాడతా వచ్చినా. అయిదేండ్లకు నువ్వొక్కడు దొరికినావు."

అనేసి తనలో తాను నవ్వుకుంది.

"అయినా బలవంతం లేదు. పో, పెద్దింటి కాడ చెప్పు. నా అమ్మ పేరు నాకి భారమా? లేస్తాను."

ఎడమ చెయ్యి నేలకు ఆనించింది. కుడి చెయ్యి గుంజకు వేసింది. నడుము లేచింది, మోకాలు లేవలేదు. ఒక క్షణం అట్లే సగంలో నిలబడి, మళ్ళీ చాప మీదికి దిగిపోయింది. ఊపిరి తీసుకుంది. ఈసారి రెండు చేతులూ గుంజకే వేసింది. మణికట్టు కాడ నరాలు తేలినాయి. ముఖం పక్కకు తిప్పుకుని లేస్తా ఉంది, అతను చూడగూడదని.

రోడ్డు మీద తొమ్మిదిన్నర బస్సు హారన్ కొట్టింది. నలుగురు ఎక్కేంత సేపు ఆగుతుంది ఆ బస్సు. మునిశంకర్ వింటా నిలబడినాడు. ఇంజను మళ్ళీ అందుకుంది, గేరు మారింది, చప్పుడు ఏటి గట్టు వైపు సన్నబడింది.

"కూర్చోమ్మా," అన్నాడు. చెప్పులు విడిచినాడు.

పెద్దింటి కాడ పుష్పావతి అతని తలకు పసుపు గుడ్డ చుట్టింది. "నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూడగూడదు. నువ్వు చూస్తే దీపాలు కొండెక్కుతాయి." అతను తలూపినాడు. వెనకాల నలభై మంది తలల మీదికి పళ్ళేలు లేచిన చప్పుడు, గాజుల చప్పుడు. పాట అందుకున్నాడు. ఒక్కొక్క వరసా వాళ్ళు తిరిగి పాడినారు. మట్టిదారి కొంత దూరమే. తర్వాత తారు రోడ్డు. వైశాఖం ఎండ. నాలుగో అడుగుకే అరికాలు చురుక్కుమనింది, ఆ తర్వాత లెక్క పెట్టలేదు. జేబులో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. దాని మీదనే గట్టిగా పాడినాడు.

గంగమ్మ మెట్టు కాడికి వచ్చేసరికి చివరి చరణం. ఇప్పుడు కూడా పిల్లమ్మ అనేయొచ్చు. నోట్లో ఆ పేరు ఉంది కూడా. అది బయటికి వస్తే ఎవరు లేచి నిలబడాలో ఇప్పుడతనికి తెలుసు.

గనులూరి మునిశంకరు కట్టిన పాట

వెనకాల నలభై గొంతులు దాన్ని ఎత్తుకున్నాయి. ముసలి గొంతులు, బిరుసు గొంతులు, శ్రుతి తప్పిన గొంతులు. పాతికేండ్లుగా వినాలనుకున్న పేరు. ఎవరెవరి నోట్లో ఉందో చూడాలని మెడ దానంతటదే తిరగబోయింది. బిగబట్టుకుని ఎదురుగా రాతి గోడనే చూస్తా నిలబడినాడు.

దీపాలు లోపల దించి, తంబిట్టు ముద్దలు విరిచి పంచేసినాక అతను వీధి కొసకు కుంటుతా వచ్చినాడు. నరసమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని మామిడిపండు తింటా ఉంది. రసం మోచేతి వరకు కారింది. దీపాల దినం ఈ వేళకు ఆమె ఏమైనా తినడం ఇన్నేండ్లలో ఇదే మొదలు.

"ఎంత బాగుండాయప్పా దీపాలు," అనింది. "ఈడ మలుపు తిరిగేటప్పుడు వరసగా కనిపించినాయి. ఇరవై ఆరేండ్లు ముందర నడిచినా, ఒక్క ఏడూ చూసింది లే."

"ఎట్లుండాయి?"

ఆమె టెంకను నోట్లో తిప్పుతా ఆలోచించింది. చెప్పేదానికి చెయ్యెత్తి, అట్లే దించేసింది.

"చెప్తే వచ్చేది గాదులే." అతని కాళ్ళ వైపు చూసి, ఆముదం గిన్నె పక్కకు జరిపింది. "బొబ్బలు చిదపొద్దు. ఇది రాసుకో. వచ్చే ఏటికి గట్టిపడతాయి."